శనివారం కొనని ఇనుము

మా ఇంట్లో శనివారం ఇనుము గడప దాటి లోపలికి రాదు. మేకైనా, కత్తైనా, లారీ నట్టైనా అంతే. ఇది తాత కాలం నుంచి వస్తున్న పట్టింపు. మా ఊరు యశ్వంతనగర్ చుట్టూ ఇనుప ఖనిజం తవ్వే కొండలే. గాలి వీస్తే ఎర్రదుమ్ములో కలిసి ఇనుము వారంలో ఏడు రోజులూ ఇంట్లోకి వస్తూనే ఉంటుంది. దాన్ని మేం పట్టించుకోలేదు. కొని తెచ్చేదే ఇనుము అనుకున్నాం.

రెండేళ్ల కిందట ఒక శనివారం అన్న తన లారీకి కొత్త కమాను పట్టీలు కొనుక్కొచ్చాడు. ఆ వారంలోనే ఘాట్ రోడ్డు మలుపులో లోడుతో లారీ బోల్తా పడింది. అప్పటి నుంచి నడుం కింద అన్నకు స్పర్శ లేదు. గిల్లినా తెలియదు, వేడి తగిలినా తెలియదు. డాక్టర్లు ఏం చెప్పినా అమ్మ చెవిన పడలేదు. "శనివారం ఇనుము తెచ్చినాడు" అని మాత్రం అంది.

నేను భజన మండలిలో పెరిగాను. ప్రతి గురువారం పురాణం చదివి అర్థం చెప్పే పని చాలా ఏళ్లుగా నాది. చదివిన ఏ గ్రంథంలోనూ శనివారం ఇనుము మాట లేదని నాకు తెలుసు. అయినా అమ్మ ముందు ఆ మాట ఎప్పుడూ అనలేదు. నేనలా ఊరుకోవడం కూడా భక్తిలో భాగమే అనుకున్నాను.

గేమింగ్ కంప్యూటర్ కావాలని అడిగింది అన్నే. ఘాట్ రోడ్లలో లారీ నడిపే ఆట ఒకటి ఫోనులో చూశాడు. అది ఆడాలంటే కంప్యూటర్ గట్టిది కావాలి. తయారుగా దొరికేది వద్దని, ఒక్కో భాగం ఏరుకుని ఇంట్లోనే బిగించుకుందామని పట్టుపట్టాడు. నెల రోజులు వీడియోలు చూసి, ఇదివరకు ట్రిప్పులు రాసుకున్న నోటుబుక్కులోనే జాబితా రాశాడు. అందులో మొదటి పేరు పవర్ సప్లైది. దాని కింద రెండు గీతలు గీశాడు.

"అందరూ గ్రాఫిక్స్ కార్డు ముందు రాస్తాండారు, నువ్వేంది దీన్ని రాసినావు?" అని అడిగాను.

"ప్రాసెసర్ ఇంజను అనుకో. కార్డు గేర్‌బాక్సు అనుకో. డీజిల్ పంపు చెడిపోయిందంటే రెండూ యాడికి పోతాయప్పా? ఘాట్లో నిలబడిపోతాది. దీని దగ్గర మాత్రం పిసినారితనం బేడ, వద్దు."

"సరే."

"సరే కాదు. నువ్వు పురాణం చదివేటోనివి, అంగట్లో వాడేం చెప్తే దానికి తల ఊపి వస్తావు. నాకు తెలుసు."

సండూరు దారిలో లారీలు తూచే కాటా దగ్గర నాది గుమాస్తా పని. నెలకు ఒక్క శనివారమే సెలవు. ఆ శనివారం బళ్లారికి బయలుదేరుతుంటే అమ్మ గడపలోకి వచ్చింది.

"అవన్నీ ఇనుమేనా నాయనా?"

"కాదమ్మా. చిప్పులు, ప్లాస్టిక్కు."

"చూసి తీసుకో. ఇంగొకసారి నా వల్ల కాదు."

కంప్యూటర్ల అంగడిలో ఉన్నతనికి నా ఇబ్బంది చెప్పాను. అతను నవ్వలేదు. అలాంటివాళ్లు ముందూ వచ్చారట. డ్రాయర్‌లోంచి అయస్కాంతం తీసి కౌంటర్ మీద పెట్టాడు.

"చూసేద్దాం భాయ్. అంటుకుంటే ఇనుము, అంటుకోకపోతే మీది."

ఒక్కో భాగం బయటికి తీశాం. ర్యామ్‌కు అంటలేదు. ప్రాసెసర్ మీద పెడతానంటే అతను ఒప్పుకోలేదు, అది ఇనుము కాదని తనే హామీ ఇచ్చాడు. మదర్‌బోర్డు మీద అక్కడక్కడ కొంచెం లాగింది. గ్రాఫిక్స్ కార్డు చివర చిన్న పట్టీకి గట్టిగా పట్టుకుంది. అతను నా ముఖం చూశాడు. నేను చూపు పక్కకు తిప్పుకున్నాను. అంత చిన్నదాన్ని దేవుడు లెక్కపెట్టడులే అనుకున్నాను.

తర్వాత కేబినెట్ అనే పెద్ద పెట్టె తెచ్చాడు. అయస్కాంతం అతని చేతిలోంచి దూకినట్టు పోయి టక్కున అతుక్కుంది. పవర్ సప్లైకీ అంతే.

"ఇవి రెండూ వద్దు" అన్నాను.

"ఇవి లేకుండా ఏం నడుస్తాది భాయ్? సోమవారం వస్తారా?"

"ఇంట్లో పాత పెట్టె ఉండాది. ఆఫీసుది. దాంట్లో సప్లై కూడా ఉండాది."

"పాతదా? యాడ పనిచేసింది అది?"

"కాటా దగ్గర."

అతను చేతిలో అయస్కాంతాన్ని కాసేపు తిప్పాడు. "ఆ దుమ్ములోనా. ఈ కార్డు తక్కువ కరెంటుతో నడుస్తాది, రెండు దినాలకైతే సరే. కొత్త సప్లై మాత్రం తప్పకుండా తీసుకపోండి."

తప్పకుండా అన్నాను, తల కూడా ఊపాను.

అన్న నోటుబుక్కు తెరిచి, నేను తెచ్చినవాటికి ఒక్కొక్కటిగా టిక్కు పెట్టుకుంటూ వచ్చాడు. పైనున్న మొదటి పేరు దగ్గర పెన్ను ఆగింది.

"ఇది యాడ?"

"సోమవారం."

"అమ్మ కోసమా?"

నేను పాత పెట్టెను తేవడానికి లేచాను. అతను పెన్ను మూసి జేబులో పెట్టుకున్నాడు.

పాత పెట్టెను పెరట్లో దులిపాను. కుంకుమ పొట్లం విప్పినట్టు ఎర్రదుమ్ము నేల మీద పరుచుకుంది. పవర్ సప్లై జాలీలోంచి చూస్తే లోపలంతా అదే దుమ్ము గడ్డకట్టి ఉంది. తెరవరాదని దాని మీద రాసి ఉండడంతో తెరవలేదు. బ్రష్షుతో పైపైన తుడిచి ఊరుకున్నాను. అన్న మంచం మీద ఆనుకుని కూర్చుని, నా చేత ఒక్కో భాగం అడిగి తీసుకుంటూ సాయంత్రానికి అంతా బిగించాడు. తెరగా ఇంట్లో టీవీనే పెట్టుకున్నాం.

ఆదివారం ఉదయం పూజ చేశాను. కర్పూరం వెలిగించి, కుంకుమ తడిపి, పెట్టె నుదుట బొట్టు పెట్టాను. పెట్టిన వేలు జివ్వుమంది. మణికట్టు దాకా సన్నగా ఏదో పాకి ఆగిపోయింది.

"ఏమైంది?" అన్నాడు అన్న.

"జివ్వుమన్నాది."

"ఎర్త్ ఉండాదా లేదా చూపించప్పా ఎవురికైనా."

చూపిస్తానన్నాను. మా గోడ మీద ప్లగ్గుకు మూడు రంధ్రాలున్నా మూడోదాని వెనక ఎర్త్ తీగే లేదని అప్పటికి నాకు తెలియదు. తెలియని సంగతి కంటే నన్ను ఎక్కువ బాధించేది మరొకటుంది, దాన్ని ఇక్కడ దాచను. వేలు జివ్వుమన్నప్పుడు నా పూజ అందిందని లోపల సంతోషించాను.

సోమవారం వచ్చింది, నేను సెలవు అడగకుండానే పోయింది. కంప్యూటర్ నడుస్తూనే ఉంది. నడిచేదాన్ని ఎందుకు విప్పాలని నేనూ మరిచాను. తెర మీద లారీతో అన్న రోజంతా మలుపులు తిరుగుతున్నాడు. కాళ్లు వేలాడదీస్తే నీరు పడుతుందని డాక్టరు చెప్పాడు కాబట్టి, అమ్మ అన్న కుడికాలిని ఎత్తి నేల మీదున్న ఆ పెట్టెపై పెట్టేది. దాని మీద ఒక్క కాలికే చోటు, ఎడమకాలు సిమెంటు నేల మీద ఉండేది.

"బొట్టు పెట్టిన పెట్టె మీద కాలేందమ్మా?" అన్నాను.

"కదల్లేని కాలికి పాపం యాడ అంటుతాదిలే. వెచ్చగా ఉండాది, రక్తం పారతాది."

కాలు తగలడం దోషమా కాదా అని ఆ రోజంతా ఆలోచించాను. ఆలోచించాల్సింది దాని గురించి కాదు.

వానలు మొదలయ్యాయి. నేల చెమ్మగిల్లి, ఇంట్లో బట్టలు ఆరడం మానేశాయి. ఒక సోమవారం నేను కాటా నుంచి వచ్చేసరికి అమ్మ వాకిట్లోనే నిలబడి ఉంది. నా చెయ్యి పట్టుకుని లోపలికి లాక్కెళ్లింది.

అన్న కుడి పిక్క అదురుతోంది. చర్మం కింద చేపపిల్ల కొట్టుకున్నట్టు అదిరి, ఆగి, మళ్లీ అదిరింది. కాలి బొటనవేలు పైకి లేచింది. రెండేళ్లుగా నేను మొక్కుకున్నది నా కళ్ల ముందు జరుగుతోంది. అమ్మ ఏడుస్తూ నవ్వింది. అన్న మాత్రం తెర వైపే చూస్తున్నాడు.

"తెలుస్తాండాదా అన్నా? ఏమైనా అనిపిస్తాందా?"

"ఏమీ లేదు. మీరు చూస్తాండారు కాబట్టి కదులుతాండాదని తెలుస్తాండాది."

గురువారం భజన మా ఇంట్లోనే పెట్టుకున్నాం. మండలి అంతా వచ్చింది. అన్న ఆట ఆపి, కంప్యూటర్ అలాగే నడవనిచ్చి, కాలు పెట్టె మీదే ఉంచి, కుర్చీలో కూర్చున్నాడు. తాళాలు జోరందుకున్న చోట పిక్క అదిరింది. గది మొత్తం చేతులు జోడించింది. మా మండలి పెద్దాయన ఒక్కరే జోడించలేదు. ఆయన తాళం ఆపి కాలి వైపే చూస్తూ ఉన్నారు.

అంతలో కరెంటు పోయింది. చీకటి పడకముందే కాబట్టి గదిలో అన్నీ కనిపిస్తూనే ఉన్నాయి. పెట్టెలో ఫ్యాను చప్పుడు ఆగింది. కాలూ ఆగింది. భజన గంటసేపు సాగింది. కరెంటు తిరిగి వచ్చినా కంప్యూటర్‌ను ఎవరూ వెయ్యలేదు. కాలు కూడా మళ్లీ కదలలేదు.

వెళ్లేటప్పుడు పెద్దాయన నన్ను వాకిట్లో ఆపారు.

"నువ్వు చూసినావా, లేదా?"

"చూసినాను."

"అయితే పరీక్ష చేసి చూడప్పా. ఆ దేవుడు ఇచ్చిందైతే పరీక్షకు నిలుస్తాది. ఆయన పేరు చెప్పి మనం కట్టుకునిందైతే నిలవదు. తెలుసుకోకుండా రేపు పొద్దున మాత్రం పూజలో కూర్చోవద్దు."

మర్నాడు కాటాకు పోలేదు. అమ్మ పెరట్లో నీళ్లు కాచడానికి వెళ్లాక కంప్యూటర్ వేశాను. కాలు అదిరింది. ఆపాను, ఆగింది. మళ్లీ వేశాను, మళ్లీ అదిరింది. టెస్టర్ తెచ్చి దాని మొనను పెట్టెకు ఆనించాను. పిడిలోని చిన్న బల్బు వెలిగింది. భయం భయంగా అన్న పాదానికి ఆనించాను. అక్కడా వెలిగింది, మసకగా. దుమ్ము పట్టిన సప్లైలోంచి పెట్టెకెక్కిన కరెంటు అన్న కాళ్ల గుండా చెమ్మ నేలలోకి పోతోంది.

"అమ్మ వస్తాండాది" అన్నాడు అన్న.

అమ్మ వేడినీళ్ల గిన్నె, తడిగుడ్డ పట్టుకుని వచ్చింది. రోజూ అన్న కంప్యూటర్ వెయ్యకముందే వచ్చి కాళ్లు తుడుస్తుంది. ఒట్టి కాళ్లతో, అంచు తడిసిన చీరతో కిందికి వంగి పాదం వైపు చెయ్యి చాపింది. అమ్మ వేళ్లకూ పాదానికీ మధ్య జానెడు కూడా లేదు. తీగ పట్టుకుని గుంజాను. ప్లగ్గు గోడలోంచి ఊడి వచ్చి నేలకు తగిలింది. ఫ్యాను ఆగింది. తడిగుడ్డ పాదం మీద పడింది.

"ఏందిరా అది?" అంది అమ్మ.

"ఏమీ లేదమ్మా. నీళ్లు చల్లారినాయి, ఇంకొన్ని తీసకరాపో."

ఆమె లేచి వెళ్లాక అన్న కుడికాలిని ఎత్తి చూశాను. మడమ కింద, పెట్టె అంచు తగిలే చోట, చర్మం రూపాయి బిళ్లంత మేర నల్లగా మాడి ఉంది.

"నీకు ముందే తెలుసా?" అని అడిగాను.

"అనుమానం. కంప్యూటర్ వేస్తేనే కదులుతాండాది గదా."

"మరి చెప్పకూడదా?"

"అమ్మ నాలుగు దినాలుగా కడుపునిండా తింటాండాదప్పా. ఎట్ల చెప్పేది?"

హెచ్చరిక నాకే ముందుగా వచ్చింది, నా వేలికే. దాన్ని పంపినవాడి మీద నాకు ఇప్పటికీ అనుమానం లేదు. తప్పుగా చదువుకున్నది నేను. ఎన్నో గురువారాలు పదిమందికి అర్థం చెప్పినవాణ్ణి, నా చేతికి అందిన ఒక్క మాటకు అర్థం నాకు ఇష్టమైనట్టు చెప్పుకున్నాను.

మర్నాడు శనివారం. సోమవారం దాకా ఆగొచ్చు. తీగ ఊడదీసి మూలన పెడితే రెండు రోజులు గడవకపోవు. కానీ అమ్మ అప్పటికే రెండుసార్లు అడిగింది, ఆట ఎందుకు ఆపినాడని, కాలు ఎందుకు కదలడం లేదని. ఎవరో ఒకరు ఆ తీగ మళ్లీ గోడలో పెడతారు. అది అమ్మే కావచ్చు. అన్న చేత కొత్త భాగాలన్నీ విప్పించి, పాత పెట్టెను సుత్తితో సొట్టపోయేదాకా కొట్టి పాత ఇనుము కొట్టువాడికి ఇచ్చి, బళ్లారి బస్సెక్కాను.

అంగడతను నన్ను గుర్తుపట్టి డ్రాయర్‌లో చెయ్యి పెట్టాడు.

"అయస్కాంతం వద్దు" అన్నాను.

కొత్త పెట్టెను భుజాన, పవర్ సప్లైని చేతిలో పట్టుకుని వచ్చేసరికి అమ్మ గడపలో కూర్చుని ఉంది.

"ఇయ్యాల ఏం వారం?"

"శనివారమమ్మా."

"దాంట్లో ఏముండాది?"

"ఇనుము."

గడప బయటే కూర్చుని అంతా చెప్పాను. అయస్కాంతం, దుమ్ము, వేలు, మడమ కింద నల్లమచ్చ, ఏదీ వదల్లేదు. ఆమె మధ్యలో అడ్డుపడలేదు. చివరికి కాళ్లు ముడుచుకుని దారి ఇచ్చింది. నేను గడప దాటాను.

కరెంటు పని చేసేవాడు పెరట్లో గుంత తీసి, ఉప్పు, బొగ్గు వేసి, మూడో రంధ్రానికి తీగ కట్టాడు. అన్న కొత్త సప్లై బిగించాడు. టెస్టర్ ఆనిస్తే బల్బు వెలగలేదు. అన్న నోటుబుక్కు తీసి మొదటి పేరు పక్కన టిక్కు పెట్టాడు.

తెర మీద లారీ కదిలింది. అమ్మ వచ్చి, కర్ర స్టూలు జరిపి, అన్న కుడికాలిని దాని మీద పెట్టింది. పక్కనే నేల మీద కూర్చుని పిక్క మీద అరచెయ్యి ఆనించింది. అన్నీ విన్నది, అన్నీ అర్థమయ్యాయి. అయినా చెయ్యి తియ్యలేదు.

అన్న ఒక మలుపు తిరిగాడు, ఇంకొకటి తిరిగాడు. నేను పూజగది గుమ్మంలో నిలబడి ఆ చేతినే చూస్తున్నాను. ఇప్పుడు ఏమని మొక్కాలో నాకు తెలియలేదు.