బల్లకు ముందు నీళ్లు

కర్నూలు రాజధాని అయిన కొత్తల్లో నాకు పెళ్లయింది. మాది ఆదోని. నాన్న జిన్నింగు మిల్లులో పత్తి మోసేవాడు. నేను మిషను బడిలో ఎనిమిది దాకా చదివాను, యేసు గుడిలో పాట ఎత్తుకోవడం నేర్చాను. ఆ రెండు గర్వాలనూ ట్రంకుపెట్టెలో సర్దుకుని ఎమ్మిగనూరు దారిలో ఉన్న ఒక పల్లెకు కాపురానికి వెళ్లాను. మా ఆయన అక్కడ ఉపదేశి. వారమంతా పిల్లలకు అక్షరాలు, ఆదివారం పెద్దలకు వాక్యం చెప్పేవాడు. ఉపదేశి భార్య అంటే సగం ఉపదేశి. మిగతా సగం కూడా నేనే అనుకునేదాన్ని.

మూడు నెలలకోసారి ఎమ్మిగనూరు నుంచి పాదిరి అయ్యగారు సైకిలు మీద వచ్చి మాకు ప్రభువు బల్ల ఇచ్చేవారు. ఒక రొట్టె ముక్క, ఒక గుక్క ద్రాక్షరసం. దానికోసం మా వాళ్లు మూడు నెలలూ కాచుకునేవాళ్లు. అయితే ఎవరిమీదైనా పగ పెట్టుకుని బల్ల దగ్గరికి పోకూడదు. అందుకని ముందురోజు శనివారం మా పేటంతా రాజీలే. దానికి మా ఊళ్లో ఒక పద్ధతి ఉండేది. తప్పు చేసినవాళ్లు అవతలివాళ్ల వాకిట్లో నిలబడి "దప్పికైతాంది, నీళ్లియ్యండి" అనాలి. నీళ్లిస్తే క్షమించినట్టు. ఊరి బావిలో చేద వెయ్యనివ్వక, ఎవరో పైనుంచి పోస్తే తప్ప గొంతు తడవని జనం మేము. నీళ్లడగడం ఎంత కష్టమో, ఇవ్వడం ఎంత పెద్ద మాటో మాకొకరు చెప్పనక్కర్లేదు.

ఆ శనివారాల్లో నా హడావిడి చూడాలి! కొంగు దోపుకుని ఇల్లిల్లూ తిరిగేదాన్ని. "ఏమమ్మా, నీ ఆడబిడ్డ కాడ నీళ్లు తాగితివా లేదా?" అని నిలదీసేదాన్ని. అందరితో తగాదా పెట్టుకునే మనిషి ఒకడుండేవాడు. పొద్దు వాలేసరికి ఏడిండ్ల నీళ్లు తాగి, కడుపు పట్టుకుని అరుగు మీద కూలబడేవాడు.

ఒక వేసవి శనివారం మా ఆయన మెల్లిగా అన్నాడు. "అవ్వ రేపు బల్లకు రాదంట."

అవ్వంటే గుడి ఊడ్చి, వాకిట్లో వేలాడదీసిన రైలుపట్టా ముక్కను కొట్టి జనాన్ని పిలిచే ముసలామె. వెనకా ముందూ ఎవరూ లేరు. చలికాలంలో జ్వరపడి చావు దాకా పోయి వచ్చింది. "ఈ బల్ల అందుకుంటే సాలు, మల్లా బల్లకు ఉంటానో ఉండనో" అని పదిరోజులుగా కనపడినవాళ్లకల్లా చెప్పుకుంటోంది. అలాంటి మనిషి రానంటోందంటే ఎవరో బాగా నొప్పించి ఉండాలి.

"ఎవరిమీదంట పగ?" అన్నాను.

"నాకేం తెలుసు" అని ఆయన పిల్లల పలకలు తుడవడంలో పడ్డాడు. అప్పటికే తుడిచిన పలకలే అవి.

నాకు ఒళ్లు మండింది. పక్కింటాయన దగ్గరికి పోయి "నీ మేకలు అవ్వ కప్పు మీది బోదగడ్డి పీకి తినె కదా?" అని అడిగాను. "అది పోయిన బల్లకే తీరిపాయ కదమ్మా, నీళ్లు గూడా తాగితిని" అన్నాడు. ఎదురింటామెను "అవ్వ రోలు తీసుకోని ఇయ్యకపోతివేమో?" అన్నాను. "నేను కాదమ్మో" అని ఆమె చేటతో మొహం కప్పుకుంది. చేట వెనక నవ్వుతోంది. "నవ్వేదానికేముండాది? ఒక ముసలిదాని ఆత్మ సంగతి ఇది" అని అక్కడే నిలబెట్టి బుద్ధులు చెప్పి మరీ వచ్చాను. తలచుకుంటే ఇప్పటికీ తల ఎక్కడ పెట్టుకోవాలో తెలియదు.

చివరికి అవ్వ దగ్గరికే పోయాను. "ఎవరో సెప్పవ్వా. ఇప్పుడే సెవి పట్టుకోని ఈడ్చుకొస్తా."

అవ్వ చీపురు కింద పెట్టి నన్ను చూసింది. "నీ సెవి నువ్వే ఎట్ల పట్టుకుంటావులేమ్మా" అంది.

రెండు నెలల కిందట ఆడవాళ్ల కూటంలో నేను ఆమెతో అన్నానట, గొంతు కాస్త తగ్గించు, పాట పాడైపోతాంది అని. అన్నాను కూడా. అనేసి మరిచిపోయాను. ఆ రోజు నుంచి అవ్వ పాడలేదు. నేనది గమనించనైనా లేదు. నా తర్ఫీదు వల్ల పాటలు బాగుపడ్డాయని మురిసిపోయాను, అంతే.

"నాకు సేను లేదు, గొర్రె లేదు, కడుపున బిడ్డ లేదు. దేవునికి ఇచ్చేదానికి ఈ గొంతొకటే ఉండె. దాన్ని తగ్గించమంటివి" అంది అవ్వ.

అప్పుడైనా క్షమించమని అడిగానా? లేదు. సిగ్గేస్తే నాకు కోపం వస్తుంది. "రెండు నెల్లు నా ముందర నవ్వుతా తిరిగితివి కదా, అప్పుడే సెప్పకూడదా?" అని ఆమె మీదే అరిచి ఇంటికొచ్చాను. గిన్నెలన్నీ దబదబలాడించాను.

"పేటంతటికీ తెలుసా?" అన్నాను.

"తెలుసు."

"మీకు?"

"నేనూ పేటలోనే ఉంటాండా కదా" అని మా ఆయన రొట్టె తుంచుకున్నాడు.

"నా మాటకి ఆమె బల్ల పోగొట్టుకుంటే నేనెట్ల అందుకునేది?"

"నన్నడిగితే ఎట్ల? దప్పిక కావల్సింది నీకు" అన్నాడు.

ఆదివారం పొద్దున్నే తెల్లచీర కట్టుకుని అవ్వ వాకిట్లో నిలబడ్డాను. "అవ్వా, దప్పికైతాంది. నీళ్లియ్యి."

అవ్వ లోపలికి పోయి, కడవ తెచ్చి నా ముందు బోర్లించింది. ఒక్క చుక్క రాలలేదు. "ఇయ్యనని కాదమ్మా. నిజంగానే లేవు" అంది.

కడవ తీసుకుని వంకకు పోయాను. ఎండాకాలం వంకలో ఇసుక తోడి చెలమ చేస్తే, నీళ్లు వాటికి తీరినప్పుడు ఊరతాయి. చిప్పతో ఎత్తి పోస్తూ కూర్చున్నాను. ఊళ్లో గుడి రైలుపట్టా మోగింది. మళ్లీ మోగింది. సగం కడవతో, బురద చీరతో తిరిగొచ్చేసరికి గుడి జనమంతా మమ్మల్ని వెతుక్కుంటూ వచ్చి అవ్వ వాకిట్లో ఉన్నారు, అయ్యగారితో సహా.

"తప్పయిపోయిందవ్వా" అన్నాను. అవ్వ నా దోసిట్లో నీళ్లు పోసింది. తాగాను.

అంతటితో అయిందనుకుంటే, అవ్వ కూడా దోసిలి పట్టింది. "ఇంగ నాకు పొయ్యమ్మా. రెండు నెల్లూ పొద్దున్నే ప్రార్థన చేసినాను, ఈయమ్మ గొంతు పడిపోనీ ప్రభువా అని."

జనం గొల్లుమన్నారు. అయ్యగారు దగ్గుతూ పక్కకు తిరిగారు. నేనూ నవ్వుతూనే పోశాను. నవ్వుతూనే ఏడుపొచ్చింది.

గుడిలో పాట ఎత్తుకోవడానికి లేచాను. నోరు తెరిచాను. ఏడుపు అడ్డంపడి గొంతు రాలేదు. మళ్లీ ప్రయత్నించాను. ఉత్త గాలి.

అవ్వ దిగ్గున లేచింది. మొహం పాలిపోయింది. చేతులు రెండూ పైకెత్తి కేక పెట్టింది. "వద్దు ప్రభువా! కోపంలో అడిగినాను. ఆయమ్మది ఆయమ్మకిచ్చెయ్యి. కావల్లంటే నాది తీసుకో!"

ఎవరూ నవ్వలేదు. నేను పోయి ఆమె చేతులు కిందికి దించి, పాడమని సైగ చేశాను. అవ్వ ఎత్తుకుంది. శ్రుతి ఎప్పట్లాగే ఎటో పోయింది. ఆ పాట మీదే మేమిద్దరం బల్ల దగ్గరికి నడిచాం.