వ్యాగన్ కింద దూరని మా రూతక్క

నిన్న పొద్దున గోల్‌బజార్‌లో చేపలు కోయిస్తున్నాను. మా పక్కింటి బాపి ఫోన్ చేశాడు.

"రాజూ, దీదీ ఇక లేదు రా."

ఆ చేపలు ఆమె కోసమే. పులుసు తినాలని ఉందని మొన్న తనే అడిగింది. తలకాయ ఉంచాలా తీసేయాలా అని చేపలవాడు అడుగుతూనే ఉన్నాడు. సంచి అక్కడే వదిలేసి ఆటో ఎక్కేశాను.

మా రూతక్క పోయింది.

మా పెదనాన్న కూతురు. ఇక్కడ ఖరగ్‌పూర్ రైల్వే వర్క్‌షాప్ స్టోర్స్‌లో ఏళ్ళ తరబడి పనిచేసింది. చర్చివాళ్ళు ఆమె పాట గురించి రాస్తున్నారు. ఆఫీసువాళ్ళు ఆమె నిజాయితీ గురించి రాస్తున్నారు. అన్నీ నిజమే.

నేను మాత్రం ఆమె తుపాకీ ఆట గురించి రాస్తాను. నవ్వుకోండి, పర్లేదు.

మా క్వార్టర్స్ లైన్‌లో మొదట కంప్యూటర్ కొన్నది అక్కే. ఆదివారం చర్చి నుంచి వచ్చి, అన్నాలు తిని, అందరం దాని ముందు చేరేవాళ్ళం. అప్పట్లో ఒక షూటర్ గేమ్ ఉండేది. అసలు గేమ్ ఊరంతా ఆడింది. తర్వాత దానికి ఎక్స్‌పాన్షన్ వచ్చింది, అంటే ఇంకొన్ని లెవెల్స్‌తో వేరే సీడీ. మా అక్కకి పిచ్చి ఆ సీడీ మీదే.

దాని ఆఖరి లెవెల్ ఒక రైల్వే యార్డ్ మరి.

యార్డ్ దాటి అవతల గేటుకి చేరాలి. మధ్యలో గూడ్స్ బళ్ళు బారులు తీరి ఆగి ఉంటాయి. అందరూ ఏం చేస్తారంటే వ్యాగన్ కింద దూరి అవతలికి పోతారు. గేమ్ కూడా అదే చేయమంటుంది. ఆ చివర ఒక ఫుట్ ఓవర్ బ్రిడ్జి ఉంది కానీ దాని నిండా శత్రువులే.

అక్క ప్రతిసారీ బ్రిడ్జే ఎక్కేది. ప్రతిసారీ చచ్చేది.

పక్క క్వార్టర్ బాపి అప్పుడే మాకు కొత్త. బెంగాలీ అబ్బాయే గానీ మాతో తిరిగి తెలుగు పట్టేశాడు. ఒకరోజు ఉండబట్టలేక, "దీదీ, కింద నుంచి దూరిపో, అయిపోతాది కదా!" అన్నాడు.

మేమందరం అక్క మొహం వైపు చూశాం.

అక్క స్క్రీన్ మీద నుంచి చూపు తిప్పకుండానే చెప్పింది. "మా ఇంట్లో వ్యాగన్ కింద ఎవులూ దూరరు బాపీ. ఆటైనా సరే."

పెదనాన్న యార్డ్‌లో పనిచేసేవారు. ఒక మధ్యాహ్నం అన్నానికి ఇంటికొస్తూ, బ్రిడ్జి దాకా ఏం నడుస్తాంలే అని ఆగి ఉన్న వ్యాగన్ కింద దూరారు. బండి కదిలింది.

అక్క అప్పటికి కాలేజీలో ఉంది. తర్వాత పెదనాన్న బదులు రైల్వేవాళ్ళు ఆమెకి స్టోర్స్‌లో ఉద్యోగం ఇచ్చారు.

అప్పటినుంచి మా రెండిళ్ళకీ అదే కట్టుబాటు. ఎక్కాల్సిన బండి కళ్ళ ముందే కదిలిపోతున్నా సరే, బ్రిడ్జి ఎక్కే వెళ్ళాలి. అలా మిస్సయిన ట్రైన్లకి లెక్కే లేదు. గేమ్‌లో కూడా మేమందరం బ్రిడ్జి మీదే చచ్చాం. ఆ లెవెల్‌ని ఇంత మర్యాదగా ఆడి ఓడిపోయిన కుటుంబం ఇంకోటి ఉండదు.

ఆ కంప్యూటర్ పాడైపోయింది. ఎవరి బతుకుల్లో వాళ్ళం పడ్డాం. లెవెల్ అలాగే ఉండిపోయింది.

ఈ ఏడాది అక్కకి జబ్బు బయటపడింది. మందుల వల్ల కుడిచేతికి స్పర్శ తగ్గింది. ఒకరోజు తనే అడిగింది. "ఒరే, ఆ యార్డు ఇప్పుడు దొరుకుతాదేటి? సెయ్యి పూర్తిగా పోకముందు ఒక్కసారి దాటాలని ఉంది."

బాపి ఆన్‌లైన్‌లో వెతికి ల్యాప్‌టాప్‌లో ఎక్కించాడు.

ఇన్నేళ్ళ తర్వాత ఆ గేమ్ ఎలా ఉందంటారా? నిజం చెప్పాలంటే బొమ్మలు తేలిపోయాయి. గడ్డి చూస్తే పచ్చరంగు గోనెపట్టా పరిచినట్టుంది. శత్రువులు కొందరు గోడకేసి నడుస్తూనే ఉంటారు. మొదటి లెవెల్స్ బోర్. అక్క అయితే, "ఈ ఎదవల సేతిలోనా నాను అన్నిసార్లు సచ్చినాను!" అని పడీపడీ నవ్వింది.

కానీ యార్డ్ మాత్రం ఇప్పటికీ సూపర్. ఇప్పటి గేముల్లాగా ఇటు పో, అటు పో అని బాణం గుర్తులు ఉండవు. దారి మనమే వెతుక్కోవాలి. దూరంగా వినిపించే ఇంజిన్ కూత అచ్చం మా యార్డ్ కూతే.

అక్క మౌస్ ఎడమచేత్తో పట్టుకుంది. నడిపించే కీస్ నేను నొక్కాను. గురి ఆమెది, కాళ్ళు నావి. ఈజీ మోడ్ పెట్టనా అని బాపి మొహమాటంగా అడిగాడు.

"పెట్టరా, సిగ్గేటి? బిడ్జీ మాత్రం మానను."

ఈజీలో కూడా తెగ చచ్చాం. నేను తప్పు కీ నొక్కితే నా నెత్తి మీద మొట్టేది. చెయ్యి అలిసిపోతే ఆగి, నీళ్ళు తాగి, మళ్ళీ మొదలు. నేను ఒక్కసారి కూడా కింద నుంచి పోదామనలేదు. బాపీ అనలేదు.

పోయిన ఆదివారం మధ్యాహ్నం బ్రిడ్జి దాటాం.

బాపి ఎగిరి గంతేశాడు. నేను గేటు వైపు నడిపించబోతే అక్క నా చెయ్యి పట్టుకుని ఆపింది. బ్రిడ్జి మెట్ల దగ్గర నుంచి కింద ఆగి ఉన్న వ్యాగన్లని చాలాసేపు చూసింది. ఏడవలేదు. మొహం వెలిగిపోతోంది.

"కష్టమే గానీ రావొచ్చు రా. నాన్న ఇలాగొచ్చుంటే ఆ పూట మాతో అన్నం తిని ఉండేవోడు."

అందరూ కష్టమని వదిలేసిన దారిలోనే నడిచి చూపించింది మా అక్క. ఆమె తమ్ముణ్ణని చెప్పుకోవడం కంటే నాకు పెద్ద గొప్పేం లేదు.

వెళ్ళిరా అక్కా. ఆ ప్రభువు నీకు నొప్పి లేని నెమ్మది ఇవ్వాలి.