గవదబిళ్ళలొచ్చిన హామ్‌స్టర్

ఆ బంగారు గుండు నేను మామ్మగారికి తిరిగి ఇవ్వలేదు. ఇచ్చానని చెప్పాను. ఈ రెండు ముక్కలు పలకడానికి నాకు ఇన్నేళ్ళు పట్టింది. ఆ రోజుల్లో లోకంలో నాకు తెలియనిదంటూ లేదని నా నమ్మకం. కొత్త ఉద్యోగం, కొత్త చొక్కాలు, విజయవాడలో అక్కావాళ్ళింట్లో ఉచిత భోజనం. అంతటి సర్వజ్ఞుణ్ణి పిడికిట్లో పట్టే ప్రాణి ఒకటి ఎలా కూలదోసిందో చెబుతాను.

అది నా మేనకోడలు పెంచుకునే మరుగుజ్జు హామ్‌స్టర్. పేరు బఠానీ. బావది బట్టల వ్యాపారం కాబట్టి ఎలుక జాతంటేనే ఒళ్ళుమంట. కూతురి ఏడుపుకు లొంగి కొన్నాడు. (ఇది ఎలుక కాదు, దాని దూరపు చుట్టమని తనకు తనే నచ్చజెప్పుకునేవాడు.) చల్లపల్లిలో పెళ్ళికి వెళ్తూ అందరూ కలిసి దాన్ని నాకు అప్పగించారు. "మామయ్యా, పొద్దున ఒక చెంచా గింజలు, అంతే. నువ్వేం ప్రేమ చూపించక్కర్లేదు," అంది మేనకోడలు. కానీ ఎదురుగా తినేవాళ్ళుంటే కొసరి వడ్డించకుండా ఉండలేని ఇల్లు మాది. గింజలయ్యాక వేరుశెనగలు పెట్టాను, అవయ్యాక పుట్నాలు. అది వద్దనలేదు, నేను ఆపలేదు. సాయంత్రం ఆఫీసు నుంచి వచ్చి చూద్దును కదా, మొహం రెండువైపులా ఉబ్బిపోయి, ఒంటికన్నా తలే పెద్దదై కూర్చుంది. నా పై ప్రాణాలు పైనే పోయాయి.

పక్కింటి మామ్మగారిని కేకేశాను. ఆవిడ కళ్ళజోడు సర్దుకుని చూసి, "గవదబిళ్ళలురా అబ్బాయ్. మా పిల్లలందరికీ వచ్చినయ్. మెళ్ళో బంగారం వేస్తే తగ్గిపోతయ్," అంది.

"దీనికా అండీ?"

"ఏం, దానికి మెడ లేదా?"

(నిజంగానే లేదు. చాలాసేపు వెతికాను.) నా దగ్గర బంగారమూ లేదు. ఆవిడే వెళ్ళి, తాతగారు పోయాక సూత్రాల్లోంచి తీసి దాచుకున్న చిన్న గుండొకటి దారానికి గుచ్చి తెచ్చింది. "జాగ్రత్తరోయ్, ఇదొక్కటే మిగిలింది నాకు."

మర్నాటికి బుగ్గలు తగ్గాయి. దారం ముక్కలై పడుంది. గుండు లేదు. హామ్‌స్టర్లకు బుగ్గల్లో సంచులుంటాయనీ, దొరికినవన్నీ వాటిలో కుక్కి తమ గూట్లో దాచుకుంటాయనీ ఈ సర్వజ్ఞుడికి తెలియదు. మింగేసిందనుకుని, రెండు రోజులపాటు దాని పెంటికలు అగ్గిపుల్లతో కెలుకుతూ కూర్చున్నాను. (డిగ్రీ చదివింది ఇందుకు.) అంతలో గోడ మీంచి మామ్మగారి గొంతు: "తగ్గిందా? నా గుండేదిరా?"

"నిన్న సాయంత్రమే ఇచ్చాను కదండీ! మీరే పెట్టెలో పెట్టుకున్నారు."

ఎంత సాఫీగా వచ్చిందో ఆ మాట! "ఇచ్చావా... అలాగా," అంటూ ఆవిడ లోపలికి వెళ్ళింది. పెట్టెలోని సామానంతా తిరగేస్తున్న చప్పుడు నాకు వినిపిస్తూనే ఉంది. ఆ తర్వాత కోడలితో, "నాకు మతిపోతోందే, గ్యాసు కట్టేశానో లేదో నువ్వే చూసుకో," అనడం విన్నాను. నా దగ్గరికొచ్చి, "అబ్బాయ్, నీకు పచ్చడి ఇచ్చానా, ఇవ్వలేదా?" అని అడిగేది. తిన్నవాణ్ణి, తలెత్తలేకపోయేవాణ్ణి.

పెళ్ళి నుంచి వచ్చి మేనకోడలు పంజరం శుభ్రం చేస్తుంటే, రంపపు పొట్టు కింద వేరుశెనగల మధ్య గుండు మెరిసింది. అప్పుడైనా నిజం చెప్పొచ్చు. పచ్చడి గిన్నె ఇచ్చే నెపంతో వెళ్ళి, ఆవిడ పెట్టెలో జారవిడిచి వచ్చాను. ఘనకార్యం చేశాననుకున్నాను. గుండు దొరికాక ఆవిడ ఏడ్చింది. "ఇక్కడే పెట్టుకుని ఇల్లంతా వెతికానే! ఇక నా మాట నమ్మకండి," అంది కోడలితో. ఆ ఇంట్లో వాళ్ళు నిజంగానే నమ్మడం మానేశారు.

మొన్నీమధ్య వెళ్ళాను. మామ్మగారు బాగా పెద్దదైపోయింది. పక్కన కూర్చుని, "ఆ గుండు నేను మీకివ్వలేదండీ. అబద్ధం చెప్పాను. మీరేమీ మర్చిపోలేదు. నన్ను క్షమించండి," అన్నాను. ఆవిడ నా చెయ్యి పట్టుకుంది.

"మళ్ళీ చెప్పు. గట్టిగా చెప్పు. కోడలు వంటింట్లో ఉంది."

లోపల మిక్సీ తిరుగుతోంది. అది ఆగి కోడలికి వినబడేదాకా నేను క్షమాపణ అరుస్తూనే ఉన్నాను.