దుప్పట్ల గదిలో వినిపించిన మాట

దయ్యాలున్నాయంటే నేను ఏనాడూ నమ్మలేదు. నమ్మితే నా ఉద్యోగం సాగేది కాదు. కలకత్తాలో ఒక నర్సింగ్ హోమ్‌లో చాలా ఏళ్లు నర్సుగా పనిచేశాను. ఈ చేతులతో ఎంతమంది కళ్లు మూశానో, ఎన్ని దవడలకు గుడ్డ కట్టానో నాకే తెలియదు. వాళ్లలో ఒక్కరూ లేచి నా వెంట పడలేదు. నన్ను పీడించినవాళ్లంతా బతికున్నవాళ్లే. కాబట్టి ఇది పిరికిదాని కథ అనుకోకుండా చదవండి.

మాది శ్రీకాకుళం వైపు నుంచి రేవు పనికి వచ్చిన కుటుంబం. నేను ఆ రేవు పక్కన వాట్‌గంజ్‌లోనే పుట్టాను. ఇంట్లో తెలుగు, గడప దాటితే బెంగాలీ. రెండూ నాకు తల్లి భాషలే అనేదాన్ని.

ఎర్రజెండాల ప్రభుత్వం వచ్చి కొన్నేళ్లయిన రోజులవి. పెళ్లయిన చాలా కాలానికి నాకు ఆడపిల్ల పుట్టింది. నెలలు నిండకుండానే పుట్టింది. రత్న అని పేరు పెట్టుకున్నాం. అరచేతిలో పట్టేంత పిల్ల. డబ్బా పాలు పడితే విరేచనాలు పట్టుకున్నాయి. తల్లిపాలు తప్ప ఇంకేమీ పట్టొద్దని పిల్లల డాక్టరు గట్టిగా చెప్పారు. ఇటు చూస్తే నాది పర్మినెంటు ఉద్యోగం కాదు. సెలవు అయిపోగానే చేరకపోతే నా చోట్లో ఇంకొకరు ఉంటారు. పిల్లను అమ్మకు అప్పగించి డ్యూటీలో చేరాను.

పాలు తీసుకోవడానికి చోటెక్కడ అని మేట్రన్‌ను అడిగితే బాత్రూం చూపించింది. నాకు ఒళ్లు మండిపోయింది. పొద్దుటి నుంచి చీము పట్టిన కట్లు విప్పే మనిషిని. అలాంటిదాన్ని, పిల్ల నోట్లోకి పోయే పాలు బాత్రూంలో కూర్చుని తీస్తానా? రెండు రోజులు ఆవిడ ప్రాణం తోడేస్తే, చివరికి వరండా కొసన ఉన్న దుప్పట్ల గది తాళంచెవి ఇచ్చింది. దాన్ని ఎవరూ వాడటం లేదు. పాత మంచాలు, ఒక బెంచీ, ఒక కిటికీ, అంతే. నేనే బ్లీచింగ్ వేసి కడిగించాను.

నా పద్ధతి నాది. ఏప్రన్ విప్పి బయట తగిలించేదాన్ని. మోచేతుల దాకా సబ్బుతో కడుక్కునేదాన్ని. గాజు గొట్టానికి రబ్బరు బుడ్డి తగిలించిన చేతిపంపు ఉండేది నాకు, రిక్షా హారన్‌లా. దాన్ని ఆస్పత్రి పరికరాలతో కలిపి ఉడకబెట్టనిచ్చేదాన్ని కాదు. దానికి వేరే గిన్నె తెచ్చుకున్నాను. తీసిన పాలను సీసాలో పోసి, ఐసు ముక్కలు నింపిన ఫ్లాస్కులో పెట్టేదాన్ని. మధ్యాహ్నం అమ్మ గేటు దగ్గరికొచ్చి పట్టుకెళ్లేది.

ఆ గదిలో మొదటిసారి కూర్చున్న రోజే వినిపించింది. తలుపుకు వీపు పెట్టి కూర్చున్నాను. పాలు అప్పుడే చేపుకొస్తున్నాయి. వెనక నుంచి ఆడగొంతు, మెల్లగా, “పాలా?” అంది.

ఆయాల్లో మన తెలుగామె ఎవరో ఉందనుకున్నాను. “ఆఁ, పాలే” అని జవాబు కూడా ఇచ్చాను. తిరిగి చూస్తే ఎవరూ లేరు. తలుపు గడియ నేను పెట్టింది పెట్టినట్టే ఉంది.

నిద్ర చాలక అలా అనిపించిందనుకున్నాను. చంటిపిల్ల తల్లికి ఏవేవో వినిపిస్తాయి, పని చూసుకో అని నన్ను నేనే కసురుకున్నాను. కానీ మర్నాడూ వినిపించింది. ఆ తర్వాతా వినిపించింది. రోజూ కాదు. వచ్చినప్పుడు మాత్రం పాలు చేపే వేళకే వచ్చేది, ఆ ఒక్క మాటే అనేది. వరండాలో, కిటికీ అవతల, పై అంతస్తులో అంతా వెతికాను. ఆ దరిదాపుల్లో తెలుగు మాట్లాడే మనిషే లేదు.

చివరికి అమ్మకు చెప్పాను. అమ్మ భయపడలేదు, నన్నే తిట్టింది.

“ఏటే, అడిగితే ఇసుక్కుంతావా? ఎవుతో బాలింతరాలు. దాని బిడ్డకి పాలు నేక పోయుంటాది. ఓ సుక్క గోడవార ఎట్టు. దాని పాలు దానికిచ్చీ, మన పిల్ల పాలు మనకుంటాయి.”

నాకు నవ్వొచ్చింది. అయినా మర్నాడు చిన్న స్టీలు గిన్నెలో నాలుగు చుక్కలు పోసి కిటికీ కింద పెట్టాను. సాయంత్రానికి గిన్నె ఖాళీ. ఎండకు ఇగిరిపోయి ఉంటుంది, లేదా పిల్లి తాగి ఉంటుంది అనుకున్నాను. ఆ తర్వాత రోజూ పెడుతూనే వచ్చాను. నిజం చెప్పాలంటే ఆ గొంతు మీద జాలి కలిగింది. ఎవరి పిల్లో ఆకలితో పోయింది, తల్లి ఇంకా అడుక్కుంటోంది అనుకునేదాన్ని. ఇంటికెళ్లి రత్నను ఇంకాస్త గట్టిగా పట్టుకునేదాన్ని. పిల్ల కూడా కోలుకుంటోంది. బుగ్గలు కనిపించడం మొదలైంది.

గొంతు మాత్రం తగ్గలేదు. రానురాను గట్టిపడింది. నాలుగు చుక్కలు చాలడం లేదేమోనని గిన్నెలో ఇంకాస్త పోశాను.

ఒక మధ్యాహ్నం లోడ్‌షెడ్డింగ్. ఫ్యాన్లన్నీ ఆగిపోయి వరండా నిశ్శబ్దంగా ఉంది. ఉక్కకు తట్టుకోలేక తలుపు ఓరగా తీసి పెట్టుకున్నాను. సీసా సగం నిండింది. నాతోపాటు డ్యూటీ చేసే శిఖా దీదీ, మేమంతా శిఖాది అనేవాళ్లం, నన్ను పిలవడానికి వచ్చి గుమ్మంలో నిలబడింది. సరిగ్గా అప్పుడే ఆ గొంతు, ఇద్దరి మధ్య నుంచి, “పాలా!” అంది.

శిఖాది మొహం పాలిపోయింది. “తోకే కే పాలాతే బోల్‌ఛే?” అంది.

నిన్ను పారిపొమ్మంటున్నది ఎవరు, అని ఆమె అడుగుతోంది.

“పారిపొమ్మనడం కాదు దీదీ, పాలు అడుగుతోంది. మా భాష” అన్నాను.

“నీ భాషేంటి? పాలా అంటే పారిపో అని నీకు తెలీదా?” అని బెంగాలీలో అరిచింది.

తెలియకేం? పుట్టినప్పటి నుంచీ వింటున్న మాటే. తల్లి పిల్లతో, అక్క చెల్లెలితో అలా అంటారు, బాగా దగ్గరివాళ్లతోనే. కానీ అన్ని రోజుల్లో ఒక్కసారైనా నాకు అది బెంగాలీగా వినిపించలేదు. పొద్దుటి నుంచి సాయంత్రం దాకా పాల గురించే ఆలోచించే మనిషికి ఇంకెలా వినిపిస్తుంది?

ఆ మాట మళ్లీ వచ్చింది, నా చెవి పక్కనే. నేను లేచి పరిగెత్తాను. పంపు పగిలింది, సీసా దొర్లిపోయింది, పాలన్నీ నేల పాలయ్యాయి. శిఖాది నా చెయ్యి పట్టుకుని మెట్ల దాకా ఈడ్చుకుపోయింది.

ఆ గదిలో ఏదో జరుగుతుందని ఇద్దరం ఎదురుచూశాం. పాత భవనం, పెచ్చు ఊడిపడుతుందనో, పామో తేలో బయటపడుతుందనో అనుకున్నాం. ఏమీ జరగలేదు. కొన్నాళ్లకు దాన్ని మందుల స్టోరు చేశారు. ఆ బెంచీ మీదే కూర్చుని జనం అన్నాలు తిన్నారు. ఎవరికీ ఏమీ వినిపించలేదు, ఎవరికీ ఏమీ కాలేదు.

జరిగింది నా ఒంట్లో. ఆ సాయంత్రం ఇంటికెళ్లి పిల్లను రొమ్ముకు వేసుకుంటే పాలు లేవు. మర్నాడూ లేవు. భయానికి అలా అవుతుంది, నాలుగు రోజుల్లో సర్దుకుంటుందని డాక్టరు అన్నారు. పాలు పడతాయని అమ్మ ఖిదిర్‌పూర్ బజారంతా తిరిగి పాలసొర చేప తెచ్చి వండింది, వెల్లుల్లి వేయించి పెట్టింది. ఎంత పిండుకున్నా ఒక్క చుక్క రాలేదు. మళ్లీ డబ్బా పాలే గతి అయింది. నీళ్లు నేనే కాచాను, సీసాలు నేనే ఉడకబెట్టాను, నర్సుగా నాకు తెలిసిందంతా చేశాను. రత్నకు మళ్లీ విరేచనాలు పట్టుకున్నాయి. వానాకాలం వెళ్లకుండానే పోయింది. దానికి కళ్లు మూసిందీ నేనే.

ఇన్నేళ్లయినా ఆలోచన తెగదు. అది బెంగాలీయే, నీ మంచి కోరే హెచ్చరించింది అంటుంది శిఖాది. అమ్మ పోయేదాకా అది మన మాటే అంది. బెంగాలీ అయితే, నన్ను దేని నుంచి పారిపొమ్మంది? అక్కడ పారిపోవాల్సింది ఏముంది? తెలుగైతే, రోజూ పెడుతూనే ఉన్నాను కదా, ఇంకెందుకు అరిచింది? ఏదన్నది తేల్చుకోవడం నా వల్ల కాలేదు.

పారిపొమ్మంటే పారిపోయాను, పాలడిగితే ఇచ్చాను. ఏ భాషలో విన్నా ఆ మాట నేను కాదనలేదు. పోయింది మాత్రం నా పిల్ల.