సిరా ఉన్నా ఖాళీ అన్న చిప్పు

సునామీ వచ్చిపోయాక నాకు సముద్రం మీద కంటే మా దుకాణంలో ప్రింటర్ మీదే ఎక్కువ కోపం వచ్చింది. నవ్వుకుంటే నవ్వుకోండి.

మా దీవిలో ఫీనిక్స్ బే జెట్టీకి, అంటే ఓడల రేవుకి, వెళ్ళే దారిలో మాది ఫొటోలు, జిరాక్సులు తీసే చిన్న దుకాణం. నీళ్ళు కింది అరల దాకా వచ్చి వెనక్కి పోయాయి. బల్ల మీదున్న కంప్యూటర్, ప్రింటర్ బతికాయి. కొత్త సిరా కార్ట్రిడ్జులున్న పెట్టె మాత్రం ఉప్పునీళ్ళలో నానిపోయింది. మెయిన్‌లాండ్ నుంచి వచ్చే ఓడలు బియ్యం, మందులు తెస్తున్నాయి. సిరా ఎవరు తెస్తారు? ఊళ్ళో ఫొటోల దుకాణాలన్నిటిదీ అదే గతి.

అప్పుడు అవతలి ఒడ్డునున్న బాంబూఫ్లాట్ నుంచి ఒకావిడ వచ్చింది. శ్రీకాకుళం వైపు నుంచి వచ్చి స్థిరపడిన చేపలవాళ్ళు. భర్త వేటకెళ్ళి తిరిగి రాలేదు. శవమైనా దొరకలేదు. మర్నాడే పెద్దకర్మ. ఇంట్లో ఉన్న ఫొటోలన్నీ ఇంటితోపాటే కొట్టుకుపోయాయి. అయితే కొన్నాళ్ళ ముందు అతను మా దగ్గరే ఫొటో దిగాడు, అది కంప్యూటర్లో ఉంది. దండ వెయ్యడానికి ఆవిడకి మిగిలింది ఆ ముఖమొక్కటే.

ప్రింట్ ఇచ్చాను. రంగుల కార్ట్రిడ్జ్ ఖాళీ అంది మిషను. తీసి ఊపితే లోపల సిరా కదులుతోంది. పోనీ నల్లసిరా దండిగా ఉంది కదా, దాంతోనే తియ్యమంటే అదీ కుదరదంది. కార్ట్రిడ్జ్ పక్కన గోరంత చిప్పు ఉంటుంది. లోపల సిరా ఉందో లేదో అది చూడదు. ఎన్ని కాగితాలు అచ్చయ్యాయో లెక్కపెట్టుకుని తాళం వేసేస్తుంది, అంతే. దీని దుంప తెగ, నేను కొన్న సిరాకి అడ్డం పడడానికి ఇదెవరు?

ఆ చిప్పుని రబ్బరుతో రుద్దాను. టేపు అంటించి చూశాను. మిషను కట్టేసి, బటన్లు నొక్కిపట్టి మళ్ళీ వేశాను. ఊహూఁ. చివరికి కసి కొద్దీ, ఉప్పునీళ్ళలో పాడైన కార్ట్రిడ్జ్ ఒకటి తుడిచి పెట్టాను. నిండుగా ఉంది, కానిమ్మంది. సిరా ఉన్నది ఖాళీ అట, సముద్రం దూరినది నిండట! ఒళ్ళు మండిపోయింది.

బ్లేడుతో రెండు చిప్పులూ ఊడదీసి, పాడైనదాని చిప్పుని మంచిదానికి అంటించాను. ఒప్పుకుంది. ఒప్పుకుని ఊరుకుందా? కొత్త కార్ట్రిడ్జ్ వచ్చిందనుకుని తనను తాను శుభ్రం చేసుకోవడం మొదలెట్టింది. ఉన్న కాస్త సిరానీ తన పొట్టలోకే పారబోసుకుంది. మధ్యలో ఆపితే మళ్ళీ మొదటికొస్తుందేమోనని, పళ్ళు నూరుకుంటూ నిలబడ్డాను.

ఆఖరికి కాగితం బయటికొచ్చింది. ఎరుపు, పసుపు అయిపోయాయి. మిగిలిన నీలంతోనే అచ్చయింది అతని ముఖం, పెదాలతో సహా.

ఆవిడ దాన్ని చేతిలోకి తీసుకుని, ఆ నీలం పెదాలని వేలితో తడిమింది. నేను మిషన్ని ఒక్క గుద్దు గుద్ది, నల్లసిరాతో ఇంకొకటి తీశాను. ఈసారి మారు మాట్లాడకుండా ఇచ్చింది. బాగానే వచ్చింది కూడా. అది ఆవిడకిచ్చి, నీలంది లాక్కుని చింపబోయాను.

"సింపకు భయ్యా," అంది. "దొరికుంటే ఇలాగే కదా సూసుందును."