ఫోన్ చెప్పిన మూడు గంటలు

మాది ప్రొద్దుటూరు. నేను పురోహితుణ్ణి. రెండేళ్ల క్రితం మా అమ్మాయికి దేశం తూర్పు కొసన ఉన్న దిమాపూర్‌లో టీచరు ఉద్యోగం వచ్చింది. శుక్రవారం సాయంత్రం ఐదులోపల చేరకపోతే రద్దు.

సోమవారం రైలెక్కితే శుక్రవారం పొద్దునకు చేరతానంది. సోమవారం తూర్పుకు బయల్దేరితే వారశూల అని నేనే ఆపాను. కడప నుంచి దిమాపూర్‌కు విమానంలో ఎంతసేపని ఫోన్‌లో వెతికితే రెండు వేల కిలోమీటర్లు, మూడు గంటలు అని వచ్చింది.

“నాన్నా, ఆడికి నేరుగా విమానం ఉంటాదంటావా?” అంది.

“మూడు గంటలని రాసుంది గదా! నాకే చెప్తాండావా?” అని కసిరాను. ఘడియ తేడా రాకుండా ముహూర్తాలు కట్టే మనిషినని నా పొగరు.

శుక్రవారం పొద్దున మంచి ఘడియలోనే ఇల్లు కదిలాం. కడప విమానాశ్రయం గేటు దగ్గర పోలీసు టికెట్ అడిగాడు. లోపల కొంటామని, దిమాపూర్ పోవాలని చెప్పాను.

“ఈడి నుంచి ఆడికి విమానమే లేదు స్వామీ. హైదరాబాదు పోయి, కలకత్తా పోయి, ఆడ ఇంకోటి ఎక్కాల. ఈరోజుకు చేరలేరు.”

ఫోన్ చూపించాను.

“అది మ్యాపులో గీత గీసి లెక్కేసిన టైము స్వామీ” అన్నాడు.

అమ్మాయి ఏడవలేదు. గేటు బయట పెట్టె మీద కూర్చుంది. మధ్యాహ్నం ఇంటికి పోదాం పా అంటే, “ఇంకా ఐదు కాలేదు గదా నాన్నా” అంది.

ఇప్పుడు దువ్వూరులో ప్రైవేటు బడికి రోజూ బస్సులో పోయొస్తోంది. ఊళ్లోవాళ్లు ప్రయాణాలకు మంచి టైము ఇప్పటికీ నన్నే అడుగుతారు, చెప్తూనే ఉన్నాను. మా అమ్మాయి మాత్రం మళ్లీ ఒక్కసారి కూడా అడగలేదు.