పదకొండో కుర్చీ

అమెరికాలో మా క్యారీ ఊళ్ళో ఉండే ఆంజనేయప్రసాద్ గారు ఏ సంగతి మొదలుపెట్టినా సరే, రెండో వాక్యానికల్లా పరమాణువులోకి దూరిపోతారు. వాతావరణం, వీసా, వంకాయ కూర, దేన్నుంచైనా ఆయనకి దారి దొరుకుతుంది. ఒకప్పుడు గుడివాడలో కెమిస్ట్రీ లెక్చరర్. ఇక్కడ మందుల కంపెనీ ల్యాబ్‌లో పాతికేళ్ళుగా పనిచేస్తున్నా ఆయనలోని లెక్చరర్ ఇంకా రిటైర్ కాలేదు.

ఒక ఆదివారం వాళ్ళింట్లో టిఫిన్‌కి కూర్చున్నాం. ఉప్మా ప్లేటు కళ్ళెదుటికి ఎత్తి పట్టుకున్నారు.

“చూడు రాజీవ్, డాల్టన్ ఏమన్నాడు? పరమాణువు గట్టి ఉండ, పగలదన్నాడు. మీ ఆంటీ సున్నుండలాగ. తర్వాత థామ్సన్ వచ్చి, కాదు, ఇదిగో ఈ ఉప్మాలాగ అన్నాడు. రవ్వంతా ధనావేశం, మధ్యమధ్య జీడిపప్పులు ఎలక్ట్రాన్లు.”

“నా సున్నుండలు పగలవా?” అంది వంటింట్లోంచి ఆయన భార్య నాగమల్లేశ్వరి ఆంటీ.

“చరిత్ర చెబుతున్నానోయ్! ఆ తర్వాత రూథర్‌ఫర్డ్ పల్చటి బంగారు రేకు మీదకి కణాలు కొట్టించాడు. దాదాపు అన్నీ అవతలికి పోయాయి, ఏవో కొన్ని వెనక్కి తిరిగొచ్చాయి. అంటే లోపల చాలావరకు ఖాళీయే, నడిమధ్య చిన్న కేంద్రకం.”

“బంగారం ఎవరిది?” అంది ఆంటీ. ఆయన ఉప్మాలోంచి ఒక ఎలక్ట్రాన్‌ని ఏరుకుని నోట్లో వేసుకున్నారు.

ఇంతవరకూ భరించొచ్చు. వాళ్ళింట్లో పాట్‌లక్, అంటే తలా ఒక వంటకం తెచ్చుకునే విందు, అంటేనే అసలు చిక్కు. నడుమ టేబుల్ మీద బిర్యానీ ట్రే, అది కేంద్రకం. చుట్టూ ఎలక్ట్రాన్ల లెక్కన మొదటి వరసలో రెండే కుర్చీలు, రెండో వరసలో ఎనిమిది. ముందొచ్చినవాళ్ళకి ముందు వరస. మొగుడు మొదటి కక్ష్యలో, పెళ్ళాం రెండో కక్ష్యలో పడినా ఆయన కరగరు. తాను మాత్రం కూర్చోకుండా గరిటె పట్టుకుని అజమాయిషీ చేస్తుంటారు.

విందుకొచ్చినవాళ్ళ అమ్మాయి, నైన్త్ గ్రేడ్ చదివే అనిక ఒకసారి అడ్డం తిరిగింది. “అంకుల్, ఆర్బిట్స్ ఓల్డ్ మోడల్. నౌ ఇట్స్ ఎలక్ట్రాన్ క్లౌడ్. ఎలక్ట్రాన్ ఎక్కడుందో ఎగ్జాక్ట్‌గా చెప్పలేం.”

“నిజమే తల్లీ. కానీ మనవాళ్ళని అలా వదిలేస్తే సాంబారు ఎక్కడ పడుతుందో కూడా చెప్పలేం. కార్పెట్ కొత్తది.”

పోయిన వసంతంలో నా ఉద్యోగం పోయింది. హెచ్‌వన్‌బీ వీసా వాడికి ఉద్యోగం పోతే అరవై రోజుల్లో ఇంకో కంపెనీ వాడి పేరున వీసా పిటిషన్ వెయ్యాలి, లేదా పెట్టె సర్దుకోవాలి. నలభై ఒకటో రోజు వాళ్ళింట్లో పాట్‌లక్. పన్నెండున్నరకి రమ్మన్నారు, టంచనుగా వెళ్ళాను. పది కుర్చీలూ నిండిపోయాయి!

“పదకొండోవాడివి. మూడో కక్ష్య,” అంటూ చెప్పుల స్టాండ్ పక్కన ఒక మడత కుర్చీ వేశారు.

నా కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ఉద్యోగం లేనివాడికి చెప్పుల పక్కన చోటా అని ఒళ్ళు మండింది. ఇంతలో కృతి అనే సాఫ్ట్‌వేర్ మేనేజర్ గారు వచ్చారు. “మీరు ఈ పరమాణువు కాదమ్మా, పక్క పరమాణువు,” అని ఆవిడకి నా పక్కనే కుర్చీ వేశారు.

ఇద్దరం చెప్పుల వాసన గురించి మొదలుపెట్టి పని గురించి మాట్లాడుకున్నాం. “మా టీమ్‌కి ఎనిమిది మంది కావాలండీ. ఏడుగురమే ఉన్నాం. డేటాబేస్ తెలిసినవాళ్ళు దొరకట్లేదు,” అన్నారావిడ. నేను పదేళ్ళుగా చేస్తున్నది అదే! రెండు ఇంటర్వ్యూలయ్యాయి. యాభై ఎనిమిదో రోజున పిటిషన్ పడింది.

స్వీట్లు పట్టుకుని వెళితే ఆంటీ నవ్వింది. “అందరికీ పన్నెండుకి చెప్పి, నీకూ కృతికీ మాత్రం అరగంట లేటుగా చెప్పారు రాజీవ్. పదిమంది నిండరేమోనని పక్కింటి అమెరికన్ దంపతుల్ని కూడా బతిమాలి తెచ్చారు. పాపం, వాళ్ళు గోంగూర తిని ఏడ్చారు.”

“అంకుల్, నేరుగా ఆవిడకి నా గురించి చెప్పొచ్చుగా?”

“చెప్తే నువ్వు సిగ్గుపడతావు, ఆవిడ మొహమాటపడుతుంది. సోడియంకి చివరి కక్ష్యలో ఒకటే ఎలక్ట్రాన్, క్లోరిన్‌కి సరిగ్గా ఒకటి తక్కువ. పక్కపక్కన పెడితే చాలు, ఉప్పవుతుంది. సోడియం ఎక్కడన్నా రికమెండేషన్ లెటర్ పట్టుకెళ్ళిందా?”

ఆయన మీద అంత కోపం తెచ్చుకున్నందుకు నాకు చాలా సిగ్గేసింది.

మొన్న శనివారం కడుపునిండా భోంచేసి సోఫాలో వాలానో లేదో, ఫోన్. “రాజీవ్, అర్జెంటుగా రా. ట్రాయ్ ఊరి నుంచి ఒకబ్బాయి భోజనానికి వస్తున్నాడు, ఉద్యోగం పోయిందిట. ఇక్కడ తొమ్మిదిమందే ఉన్నారు. ఒక ఎలక్ట్రాన్ తక్కువైంది.”

పరుగున వెళ్ళి, పదో కుర్చీలో కూర్చుని, రెండోసారి బిర్యానీ తిన్నాను.